పాత వీడియో గేమ్‌లు: ఫోన్‌లోనా, డబ్బా టీవీ మీదా?

1985 నాటి సూపర్ మారియో ఇప్పుడు ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ సెట్‌లా పనిచేసే యాప్) వేసుకుంటే చక్కగా నడుస్తుంది. 2024 నుంచి ఐఫోన్‌కీ ఇలాంటి యాప్‌లు వచ్చాయి. ఎక్కడ ఆపితే అక్కడే సేవ్ చేసుకోవచ్చు. చిక్కంతా బటన్ల దగ్గరే: నున్నటి గాజు మీద వేలికి ఆనవాలు దొరకదు, మారియో కాస్తా గుంతలో పడతాడు. బ్లూటూత్ ప్యాడ్ కొనుక్కుంటే ఆ టెన్షన్ ఉండదు. రోజూ ఆడేందుకు నా ఓటు ఫోన్‌కే.

డబ్బా టీవీకి తగిలించిన పాత గేమ్ సెట్‌లో బటన్ నొక్కిన వెంటనే మారియో దూకుతాడు. ఇక బొమ్మ తుపాకీతో తెర మీది బాతుల్ని కాల్చే డక్ హంట్ గేమ్ సంగతి వేరు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగునే పట్టుకుంటుంది. ఎల్‌సీడీ తెరల మీద ఆ తుపాకీ పనిచేయదు. కాకపోతే ఆ టీవీ పాడైతే బాగుచేసే మెకానిక్ దొరకడం గగనం.