కాస్మిక్ కిరణాలకు పుట్టిల్లు ఏది: సూపర్నోవా అవశేషమా, నక్షత్ర గుచ్ఛమా?

అంతరిక్షం నుంచి వచ్చిపడే అధిక శక్తి కణాలే, ముఖ్యంగా ప్రోటాన్లే, కాస్మిక్ కిరణాలు. భారీ నక్షత్రాలు గుమిగూడిన సిగ్నస్ ప్రాంతం నుంచి అత్యధిక శక్తి గామా కిరణాలు వస్తున్నాయని చైనాలోని లాసో అబ్జర్వేటరీ 2024లో ప్రకటించినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: కాస్మిక్ కిరణాలు సూపర్నోవా అవశేషాల (పేలిన నక్షత్రం మిగిల్చిన, విస్తరిస్తున్న వాయు మేఘాల) నుంచి వస్తాయన్న పాత మాట ఇక చెల్లదా అని.

చెల్లుతుంది, కొంతవరకు. శక్తి లెక్కలో అవశేషాలకు సాటి లేదు. మన గెలాక్సీలో నూరేళ్లకు రెండు మూడు సూపర్నోవాలు పేలతాయి. ఆ పేలుళ్ల శక్తిలో పదో వంతు అందినా కాస్మిక్ కిరణాలకు సరిపోతుంది. సాక్ష్యమూ ఉంది. ప్రోటాన్ వాయువును ఢీకొంటే పుట్టే న్యూట్రల్ పయాన్ అనే క్షణికమైన కణం వెంటనే రెండు గామా కిరణాలుగా (అత్యధిక శక్తి కాంతిగా) మారిపోతుంది. ఆ గామా వర్ణపటం (ఏ శక్తి దగ్గర ఎంత కాంతి ఉందో చూపే గీత) తక్కువ శక్తి వైపు నిటారుగా పడిపోతుంది. ఎలక్ట్రాన్లు పుట్టించే గామా అలా పడదు. ఐసీ 443, డబ్ల్యూ 44 అవశేషాల్లో ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపుకు సరిగ్గా ఆ పతనమే కనిపించిందని 2013లో తేలింది.

నా దృష్టిలో అసలు తేల్చేది, కణాలను ఎంత గరిష్ఠ శక్తికి చేర్చగలదన్నదే. పేలుడు నుంచి బయటికి సాగే షాక్ (అఘాత తరంగం) సెకనుకు 5,000 కి.మీ. వేగంతో దూసుకుపోతుంటే, దాన్ని దాటి మళ్లీ వెనక్కొచ్చే ప్రోటాన్‌కు చుట్టుకు సగటున 1.7 శాతం శక్తి పెరుగుతుంది. నూటికి రూపాయిన్నర పైచిలుకు చక్రవడ్డీ అనుకోండి. పది లక్షల రెట్లు కావాలంటే ఎనిమిది వందలకు పైగా చుట్లు తిరగాలి. చిక్కేమిటంటే, శక్తి పెరిగేకొద్దీ ఒక్కో చుట్టుకు పట్టే సమయమూ పెరుగుతుంది. ఈలోగా షాక్ నీరసిస్తుంది. ప్రోటాన్లను వెనక్కి తిప్పే అయస్కాంత క్షేత్రాన్ని కిరణాలే పెంచుకోగలవని 2004లో భౌతిక శాస్త్రవేత్త బెల్ చూపించాక కొంత ఊరట. అయినా కాసియోపియా-ఎ అనే అవశేషం సంగతి చూడండి. వయసు దాదాపు మూడున్నర శతాబ్దాలే, కానీ 2017 నాటి మ్యాజిక్ గామా టెలిస్కోపుల లెక్క ప్రకారం అక్కడి ప్రోటాన్లు 10 టీఈవీ (ఒక టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గరే ఆగిపోతున్నాయి. కాస్మిక్ కిరణాల వర్ణపటం ‘మోకాలు’ వంగేదేమో, అంటే కిరణాల సంఖ్య మరింత వేగంగా తగ్గడం మొదలయ్యేదేమో, 3,000 టీఈవీ దగ్గర!

గుచ్ఛాల్లో భారీ నక్షత్రాల గాలులు లక్షల ఏళ్లు ఆగకుండా వీస్తాయి, కాబట్టి గడువుకు కొదవ లేదు. సిగ్నస్‌లో 1,000 టీఈవీ దాటిన గామా ఫోటాన్లు (కాంతి కణాలు) దొరికాయి. ప్రోటాన్లే వాటిని పుట్టించి ఉంటే, ఆ ప్రోటాన్ల శక్తి సుమారు పది రెట్లు ఉండాలి. కాస్మిక్ కిరణాల్లో నియాన్-22 అనే బరువైన నియాన్ రకం పాలు ఎక్కువగా ఉండటానికీ ఈ గాలులతో పొంతన కుదురుతుంది. మొత్తం శక్తిలో మాత్రం సూపర్నోవాల ముందు తీసికట్టే. పైగా గుచ్ఛాల్లోనూ సూపర్నోవాలు పేలతాయి కదా, ఎవరి వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు.

క్రాబ్ లాంటి పల్సార్లంటారా (గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు)? 1,100 టీఈవీ ఫోటాన్ వచ్చిన మాట నిజమే, కానీ అది ప్రధానంగా ఎలక్ట్రాన్ల పని.

100 టీఈవీ లోపు అవశేషాలే. మోకాలి దగ్గర నా మొగ్గు గుచ్ఛాల వైపు. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగం ప్రోటాన్ల వర్ణపటంలో 166 టీఈవీ దగ్గర చూపిన మలుపు కూడా, ఒకే రకం మూలంతో లెక్క కుదరదేమోనన్న అనుమానం పెంచుతోంది. పేలిన తొలి కొన్నేళ్లలోనే అవశేషం మోకాలి శక్తిని అందుకుంటుందన్న వాదన ఇంకా బతికే ఉంది. అది దగ్గర నుంచి తేలాలంటే మన గెలాక్సీలో కొత్త సూపర్నోవా పేలాలి. ఇక్కడ మామూలు కంటికి స్పష్టంగా కనిపించిన ఆఖరిది 1604లోది.