ప్లాంట్‌యూఎంఎల్‌తో ఐదేళ్లు: ఏడు క్లాసులకు మించితే బొమ్మ కాదు, చిక్కు

వరంగల్ దగ్గర మడికొండలోని మా చిన్న ఆఫీసులో అడ్తిదారుల లెక్కల సాఫ్ట్‌వేర్‌ను జావాలో రాస్తాం. యార్డులో మిర్చి బస్తా కాంటా ఎక్కిన దగ్గరి నుంచి రైతు చేతికి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) అందేదాకా నడిచే కోడ్ అది. అందులోని క్లాసుల (కోడ్‌ను పనివారీగా విడగొట్టిన ముక్కల) మధ్య సంబంధాలను కంటితో చూసుకోవడానికి ఐదేళ్లుగా ప్లాంట్‌యూఎంఎల్ వాడుతున్నాను.

2009లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ సాధనంలో మౌస్‌తో డబ్బాలు లాగే పని ఉండదు. ఏ క్లాసు దేని నుంచి ఇన్‌హెరిట్ అవుతుందో (లక్షణాలను తెచ్చుకుంటుందో), ఏది దేనిని వాడుకుంటుందో వరుసకొకటి చొప్పున టైపు చేస్తే, గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ సాయంతో బొమ్మను అదే గీస్తుంది. గీతల ముందు నక్షత్రం గుర్తు పెడితే కంపోజిషన్ (ఒకటి మరొకదానిలో భాగం), గీతల బదులు చుక్కలు పెట్టి బాణం వేస్తే డిపెండెన్సీ (ఒకటి మరొకదాని మీద ఆధారపడటం). ఫైలు వట్టి టెక్స్ట్ కనుక కోడ్‌తో పాటే, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంటుంది; ఎవరు ఏ బాణాన్ని మార్చారో రివ్యూలో తెలిసిపోతుంది. అంతకుముందు బోర్డు మీద గీసి ఫోన్‌లో ఫొటో తీసుకున్న బొమ్మలు నెల తిరక్కుండానే కోడ్‌తో పొంతన లేకుండా పోయేవి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒకటుంది. ఒక ప్లగిన్‌తో ప్రాజెక్టులోని 140 క్లాసులనూ ఒకేసారి బొమ్మగా తీశాను. చిత్రం కొలత మామూలుగా 4096 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది కనుక కుడివైపు తెగిపోయింది. పరిమితి పెంచాక పూర్తిగా వచ్చింది గానీ, కొత్తవాడ మగ్గాల దగ్గర చిక్కుపడిన నూలు అంతకంటే నయం.

అసలు ప్రయోజనం హమాలీ రేట్ల మార్పు వచ్చినప్పుడు తెలిసింది. ఆ మార్పు తాకే ఏడు క్లాసులనే చేత్తో టైపు చేశాను. తక్‌పట్టీ నుంచి కమీషన్ లెక్కకు, అక్కడి నుంచి ప్రింటింగ్‌కు, ప్రింటింగ్ నుంచి మళ్లీ తక్‌పట్టీకి బాణాలు చుట్టూ తిరిగి వచ్చాయి. లెక్క వేసే క్లాసుకు ప్రింటింగ్‌తో పనేమిటని వెతికితే, పైసలను రౌండ్ చేసే మెథడ్‌ను ఎప్పుడో ఎవరో (బహుశా నేనే) ప్రింటింగ్ క్లాసులో పెట్టి ఉన్నారు. దాన్ని విడిగా తీస్తే చుట్టు తెగింది. కోడ్‌ను రెండేళ్లు చదివినా ఇది నా కంట పడలేదు.

డబ్బాలు ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం మన చేతిలో ఉండదు. ఒక్క క్లాసు చేరిస్తే బొమ్మంతా మరో రూపం తీసుకుంటుంది. దిశ మార్చే ఆదేశంతో కొంత అదుపులోకి వస్తుంది, అంతే. అంతకంటే పెద్ద లోపం, చేత్తో రాసిన బాణం నిజమో కాదో అది చూడదు. అందుకని జేడీకే 8 నుంచి జావాతోనే వస్తున్న, ఏది దేని మీద ఆధారపడిందో చూపే జేడెప్స్ అనే సాధనంతో నెలకోసారి ప్యాకేజీల (క్లాసుల గుంపుల) స్థాయిలో సరిపోల్చుకుంటాను, రిఫ్లెక్షన్ ద్వారా (ప్రోగ్రాం నడుస్తుండగా పేరుతో వెతికి) జరిగే పిలుపులు దానికీ అందవని తెలిసి కూడా.

పేర్లను తెలుగులో రాయవచ్చు. విండోస్‌లో పాత జావాతో అక్షరాలు చెడిపోతే, ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతిని) యూటీఎఫ్-8గా విడిగా చెప్పాలి. జావా 18 నుంచి ఆ అవసరం లేదు. ఇప్పుడు మా బొమ్మల్లో కాంటా, హమాలీ, తక్‌పట్టీ అనే డబ్బాలే ఉన్నాయి. కోడ్ ముఖం చూడని మా అడ్తి గుమాస్తా ఒకరు వాటిని చూసి, కాంటా తరువాత తరుగు లెక్క ఏదని అడిగారు. అది నిజంగానే లేదు.