గని బురద ఏట్లో పడ్డాక: ఎత్తెయ్యాలా, వదిలెయ్యాలా?

గని వ్యర్థాల చెరువుకు కట్ట తెగి బురదంతా ఏటి పాలైతే, మొదటి వారం హడావిడి తగ్గగానే ఒక పంచాయితీ మొదలవుతుంది. జేసీబీలు దించి బురద ఎత్తెయ్యడమా, కదపకుండా వదిలేసి ఏటినే సర్దుకోనివ్వడమా? నా ఓటు ఎత్తెయ్యడానికే, అదీ వానలు పడేలోపు. అయితే దానికీ కొన్ని మెలికలున్నాయి.

ముందు పడ్డదేమిటో చూడాలి. 2000 జనవరి 30న రుమేనియాలోని బాయా మారె దగ్గర కట్ట తెగి, లక్ష ఘనపు మీటర్ల సయనైడ్ నీళ్లు తిస్సా నది మీదుగా డాన్యూబ్‌లో కలిశాయి. ఒక్క హంగరీలోనే 1,240 టన్నుల చేపలు చచ్చాయని లెక్క. ఘోరమే, కానీ సయనైడ్ ఎండకూ గాలికీ విరిగిపోతుంది. ఆరు వారాలు తిరక్కుండానే, మార్చి 10న, అదే ప్రాంతంలోని బోర్షా దగ్గర ఇంకో కట్ట తెగి లోహాల బురద ఏట్లో పడింది. సీసం విరిగేది కాదు, ఎన్నేళ్లయినా సీసమే. ఎత్తాలా వద్దా అన్న తర్జనభర్జన ఈ రెండో రకానికే.

ఎత్తేసినవాళ్లలో స్పెయిన్ ముందుంటుంది. 1998 ఏప్రిల్ 25న అస్నాల్‌కోయార్ గని దగ్గర కట్ట తెగి, ఆమ్లపు నీళ్లూ బురదా అగ్రియో ఏరు గుండా గ్వాడియామార్ నదిలోకి దూకాయి. దిగువనే దొన్యానా నేషనల్ పార్కు, లక్షల పక్షులు దిగే చిత్తడి నేల. అడ్డంగా మట్టికట్టలు వేసి పార్కులోకి పెద్దగా పోకుండా ఆపగలిగారు. నది వెంట 4,000 హెక్టార్లకు పైగా నల్లబురద పరుచుకుంది. గని దగ్గర మీటరు పైచిలుకు మందం, దిగువకు పోయేకొద్దీ కొన్ని సెంటీమీటర్లే.

వాళ్లు ఎందుకంత తొందరపడ్డారంటే, ఆ బురదలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంది. తడిగా ఉన్నంతసేపూ అది బుద్ధిగానే ఉంటుంది. ఆరి పగుళ్లిచ్చి గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం జింకునూ కాడ్మియంనూ కరిగిస్తుంది. పైన తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది, తొలి వానకే అది కరిగి నేలలోకి ఇంకుతుంది. అందుకే వేసవిలోనే టిప్పర్లు పెట్టి తోలారు. రెండో విడతతో కలిపి దాదాపు 70 లక్షల ఘనపు మీటర్ల బురద, మట్టి గనిలోని పాత గుంటలో పోశారు. మిగిలిన నేలకు సున్నం, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి, సేంద్రియ ఎరువు కలిపారు. పొలాలను ప్రభుత్వమే కొనేసి సాగు, మేత మాన్పించి హరిత మార్గంగా మార్చింది. ఇంత చేసినా, యంత్రాలు బురదను మట్టిలోకి తొక్కేసిన చోట్ల ఏళ్ల తరవాత కూడా గడ్డి మొలవని మచ్చలు మిగిలాయి. జేసీబీ అన్నీ గీకలేదు మరి.

వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలోని మోంటానా చెబుతుంది. 1908 వరదకు బ్యూట్ రాగి గనుల, అనకొండా రాగి కొలుముల వ్యర్థం క్లార్క్ ఫోర్క్ నదిలో సుమారు 190 కిలోమీటర్లు కొట్టుకొచ్చి, అప్పుడే కట్టిన మిల్‌టౌన్ డ్యామ్ వెనక పూడికగా పడింది. 1981లో డ్యామ్ పక్క ఊరి బావుల్లో ఆర్సెనిక్ అనే విషం బయటపడేదాకా అది పెద్ద సమస్యగా ఎవరికీ తోచలేదు. డ్యామ్ అడుగున గాలి అందని పూడికలోంచి కరిగిన ఆర్సెనిక్ నిల్వ నీటి ఒత్తిడికి భూగర్భంలోకి దిగింది. 1996లో మంచుగడ్డలు కొట్టుకొచ్చి పూడికను కలియబెడితే దిగువన చేపలు చచ్చాయి. చివరికి 2008లో డ్యామ్‌నే తెగ్గొట్టి, పూడికలో బాగా చెడిన మూడో వంతును, అంటే సుమారు 17 లక్షల ఘనపు మీటర్లను, రైళ్లలో తరలించారు. వందేళ్లు ఆగి చేసిన పని కూడా ఎత్తెయ్యడమే!

ఎత్తాక ఎక్కడ పోస్తారు? నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. మిల్‌టౌన్ బురద పాత వ్యర్థాల గుట్టలున్న ఆపర్చ్యూనిటీ అనే ఊరి పక్కకు చేరింది. ఒక ఊరి బావులు తేరుకున్నాయి, ఇంకో ఊరివాళ్లకు మా నెత్తిన పోశారన్న బాధ మిగిలింది. అస్నాల్‌కోయార్‌లో తెచ్చినచోటే పోశారు కాబట్టి ఈ గొడవ తక్కువ.

ఇక కెనడాలోని మౌంట్ పోలీ గని సంగతి వేరు. 2014 ఆగస్టు 4న సుమారు 2.5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు, వ్యర్థం బయటపడి, ఎక్కువ భాగం క్వెనెల్ సరస్సు అడుగుకు చేరింది. సరస్సు బాగా లోతున్నచోట 500 మీటర్ల పైమాటే, బురద దిగిన పడమటి భాగం కూడా నూరు మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ తోడబోతే కలియబెట్టడమే అవుతుంది, కాబట్టి వదిలేయడాన్ని తప్పుపట్టలేను. అలాగని అది నిద్రపోతోందని కాదు, రుతువు మారి సరస్సు నీళ్లు కిందామీదా అయినప్పుడల్లా సన్నటి బురద పైకి లేస్తోందని పరిశోధకులు చూశారు.

భూగర్భ జలం విషయంలో మాత్రం ఏటి బురద ఎత్తినంత మాత్రాన పని అయిపోదు. అప్పటికే ఇంకిపోయినదాన్ని ఏ జేసీబీ తియ్యలేదు. స్పెయిన్‌లో అగ్రియో పక్క ఒండ్రులో 2000లో కందకం తవ్వి, సున్నపురాయి, కంపోస్టు, ఇనుప రజను నింపి, ఊటనీరు దాని గుండా వడకట్టుకుపోయేలా ప్రయోగం చేశారు. ఆ నీరు బురద పడకముందే, దశాబ్దాల తవ్వకాలతో చెడి ఉంది. కట్ట తెగకపోయినా చెరువు ఊరితే చాలన్నమాట. కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని టెయిలింగ్ పాండ్ (వ్యర్థాల చెరువు) పక్కన కె.కె. కొట్టాల రైతులు బోర్ల నీళ్ల మీద ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదు ఈ కోవదే. అక్కడ ఎత్తాలా వద్దా అన్న ప్రశ్న కంటే చెరువు అడుగున పరిచిన పొర ఎంత గట్టిది అన్నదే ముందు అడగాలి.

గని పక్క ఊళ్లో బోరు ఉన్నవాళ్లు నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటర్ ఇంట్లో ముంచి ‘300 చూపిస్తోంది, బాగానే ఉంది’ అనుకోవద్దు. ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంత సన్నటి తేడా ఆ మీటర్‌కు పట్టదు. నమూనా ల్యాబ్‌కు పంపి, ఏయే లోహాలు చూడాలో పేర్లు రాసి మరీ అడగాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి.