వైజాగ్ నుంచి డాలస్: దూరం లెక్క కరెక్టే, టైమ్‌నే నమ్మొద్దు

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం, ఫ్లైట్ టైమ్ చెప్పే సైట్లు ఉంటాయి కదా, మా అమ్మాయి డాలస్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి వాటిని తెగ వాడుతున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో అమెరికా వెళ్లే పెద్దవాళ్లకి టికెట్లు చూసిపెట్టేదీ నేనే. దూరం విషయంలో వీటికి ఫుల్ మార్కులు. టైమ్ విషయంలో పాస్ మార్కులు కూడా వేయలేను.

వైజాగ్ నుంచి డాలస్ సుమారు 14,390 కిలోమీటర్లని చూపిస్తాయి. అది నిజమే. మనం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాం, డాలస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 180. అంటే దగ్గరి దారి పడమరకీ కాదు, తూర్పుకీ కాదు, నిటారుగా ఉత్తర ధ్రువం మీదుగానే. గోడ మీది మ్యాప్ చూస్తే నమ్మబుద్ధి కాదు. గ్లోబు మీద దారం లాగి పట్టుకోండి, తెలిసిపోతుంది.

చిక్కల్లా ఆ దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి '17-18 గంటలు' అని వేసేయడంలో ఉంది. పక్క ఫ్లాట్ మాస్టారు అది చూసి "పద్ధెనిమిది గంటలే కదండీ" అని ధీమాగా అన్నారు. ఆ గీత మీద మనకి విమానమే లేదు! హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్తే 510, 2,550, 12,930, అంటే దగ్గర దగ్గర 16,000 కిలోమీటర్లు. గాల్లోనే 21 గంటలు. మధ్యలో ఆగే టైమ్ కలుపుకుంటే 28 నుంచి 30.

గడియారం ఇంకో మాయ. మధ్యాహ్నం 3కి వైజాగ్‌లో ఎక్కి మర్నాడు పొద్దున్న 10కి డాలస్‌లో దిగితే 19 గంటలే అనిపిస్తుంది. వేసవిలో తేడా పదిన్నర గంటలు, కాబట్టి అసలు లెక్క 29న్నర. చలికాలంలో ఇంకో గంట కలుపుకోవాలి.

గాలి సంగతీ ఈ సైట్లకి పట్టదు. పైన గాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి కాబట్టి డాలస్ నుంచి దుబాయ్‌కి గంటకి పైగా ముందే వచ్చేస్తాం. సైట్‌లో రానూపోనూ ఒకే అంకె. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీలకి రష్యా గగనతలం మూసేశారు, 2025 ఏప్రిల్‌లో మన విమానాలకి పాకిస్తాన్ మూసేసింది. ఆ చుట్టు తిరుగుడు కూడా అందులో కనపడదు.

అయినా వాడడం మానలేదు. ఒక్కో సెక్టార్ విడివిడిగా కొట్టి కూడుకుంటే ఏ దారి ఎంత చుట్టో చక్కగా తేలుతుంది. సింగపూర్, శాన్‌ఫ్రాన్సిస్కో మీదుగా డాలస్ వెళ్తే దాదాపు 18,900 కిలోమీటర్లు. దుబాయ్ దారి కన్నా ఎంత చుట్టో చూడండి. కానీ సింగపూర్‌కి వైజాగ్ నుంచే నేరుగా ఫ్లైట్ ఉంది, ఇమిగ్రేషన్ ఇక్కడే అయిపోతుంది. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో పెట్టెలు దింపుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ డొమెస్టిక్‌లో వేసే తంటా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ఓటు ఎప్పుడూ దానికే.