మ్యాక్‌లో రెవిట్: ప్యారలల్స్ మేలా, రిమోట్ మేలా?

మా చెల్లి ఆర్కిటెక్చర్‌లో చేరినప్పుడు 8 జీబీ ర్యామ్, ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాం. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. టెన్షన్ అంతా భవనాల త్రీడీ మోడళ్లు తయారుచేసే రెవిట్‌తోనే, అది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. పాత ఇంటెల్ చిప్ మ్యాక్‌లలో నేరుగా విండోస్ వేసుకునే బూట్‌క్యాంప్ ఉండేది. 2020లో వచ్చిన ఎం1తో ఆ దారి మూసుకుపోయింది.

ఒక మార్గం ప్యారలల్స్ అనే సాఫ్ట్‌వేర్. దాంతో మ్యాక్‌లోనే విండోస్ 11 ఆర్మ్ వెర్షన్ (ఎం1 లాంటి ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్) నడుస్తుంది, నెట్ లేకున్నా పని ఆగదు. కానీ ఉన్న 8 జీబీని రెండు సిస్టమ్‌లూ పంచుకోవాలి. చిన్న ఇంటి ప్లాన్ బాగానే తెరుచుకుంది. నాలుగంతస్తుల మోడల్‌ని త్రీడీలో తిప్పితే మాత్రం గోడలు ఒక్కొక్కటిగా వచ్చి అతుక్కునేవి. ర్యామ్ చాలకపోవడం ఒక కారణం కావచ్చు. పైగా ఆర్మ్ విండోస్‌లో రెవిట్‌కు దాని తయారీ సంస్థ ఆటోడెస్క్ మద్దతు లేదు. సబ్మిషన్ ముందురోజు ఏదైనా తేడా చేస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

రెండోది రిమోట్ డెస్క్‌టాప్. బరువంతా ఇంకో పీసీ మోస్తుంది, మ్యాక్‌కు స్క్రీన్ బొమ్మ మాత్రమే వస్తుంది. మైక్రోసాఫ్ట్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ వాడాలంటే ఆ పీసీలో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్ పనికిరాదు. నెట్ నెమ్మదిస్తే మౌస్ వెనకబడుతుంది, గీత పక్కకు పోతుంది.

ఇంట్లో పీసీ ఉంటే నేను రిమోట్‌కే ఓటేస్తాను. 16 జీబీ మ్యాక్, చిన్న మోడళ్లు అయితే ప్యారలల్స్ చాలు. ప్యారలల్స్‌కు ట్రయల్ ఉంది, కొనేముందు మీ సొంత ఫైల్‌తోనే పరీక్షించండి.