బ్లాక్‌చెయిన్ ఎలెక్టివ్: నాలుగేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

2021లో ఫైనలియర్‌లో బ్లాక్‌చెయిన్ ఎలెక్టివ్ తీసుకున్నాను. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లు కలిసి రాసుకునే, వెనక్కి మార్చడం కష్టమైన చిట్టా, బిట్‌కాయిన్ నడిచేది దానిమీదే. అప్పుడు ఎక్కడ చూసినా బిట్‌కాయిన్ ధర గురించే మాటలు, నేనూ ఆ ఊపులోనే పేరిచ్చాను. మొదటి క్లాసులోనే మేడమ్ "ఇక్కడ ధరల గురించి ఒక్క ముక్క కూడా చెప్పను" అనేసరికి సగం మంది మొహాలు మాడిపోయాయి. ఆ తర్వాత నాకు ఉద్యోగమూ ఇందులోనే దొరికింది. కాబట్టి నేర్చుకున్నవాటిలో ఏది నిలిచిందో, ఏది తుప్పుపట్టిందో ఇప్పుడు చెప్పగలను.

మొదటి ఆరు వారాలకు వంక పెట్టలేను. హ్యాషింగ్ (ఏ డేటాకైనా వేలిముద్రలాంటి కోడ్ తీయడం, డేటాలో ఒక్క గుర్తు మారినా ఈ హ్యాష్ పూర్తిగా మారిపోతుంది), డిజిటల్ సంతకాలు, మెర్కిల్ ట్రీ (ఎన్నో హ్యాష్‌లను చెట్టులా కలుపుతూ ఒకే హ్యాష్‌కు తేవడం), కన్సెన్సస్ (కంప్యూటర్లన్నీ ఒకే చిట్టాకు ఒప్పుకోవడం). మొదటి ల్యాబ్‌లో అందరం ఒకే వాక్యానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హ్యాష్ తీయాలి. నాకు వచ్చిన 64 అక్షరాలకీ, పక్కవాడికి వచ్చినవాటికీ పోలికే లేదు. వాక్యం అక్షరం అక్షరం సరిచూసుకున్నాం, తేడా లేదు. అరగంట జుట్టు పీక్కున్నాక మేడమ్ వచ్చి నా టెర్మినల్ చూసి, "ఎకో కమాండ్ చివర ఒక ఎంటర్ కలుపుతుంది, అది రాకుండా డ్యాష్ ఎన్ పెట్టు" అన్నారు. పెట్టగానే రెండూ కలిశాయి.

తర్వాతి ల్యాబ్‌లో పైథాన్‌లో సొంత చెయిన్ కట్టాం. చెయిన్‌కు కొత్త బ్లాకు (లావాదేవీల కట్ట) చేర్చాలంటే, దాని హ్యాష్ ముందు కావలసినన్ని సున్నాలు వచ్చేదాకా ఒక సంఖ్య మారుస్తూ ప్రయత్నించాలి, మైనింగ్ అంటే ఇదే. హ్యాష్ ముందు నాలుగు సున్నాలు రావాలంటే సగటున 65,536 ప్రయత్నాలు పడతాయి, అది చిటికెలో అయిపోయింది. ఊరుకోక ఆరు సున్నాలు పెట్టాను. సగటు ఒక్కసారిగా 1.67 కోట్లు దాటింది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద మొదలెట్టింది. బ్లాకుకు సగటున పది నిమిషాలు ఉండేలా బిట్‌కాయిన్ ప్రతి 2,016 బ్లాకులకోసారి ఆ కష్టాన్ని ఎందుకు సరిచేసుకుంటుందో అప్పుడు బుర్రకెక్కింది.

రెండో సగమే నిరాశ. స్మార్ట్ కాంట్రాక్టుల (చెయిన్ మీదే నడిచే ప్రోగ్రాముల) ల్యాబ్ మొత్తం ట్రఫుల్ అనే టూల్ మీద, ఈథీరియం అనే చెయిన్‌కు ప్రయోగాల కోసం పెట్టిన రాప్‌స్టెన్ టెస్ట్‌నెట్ మీద నడిచింది. ఉత్తుత్తి ఈథర్ (ఈథీరియం నాణెం) కోసం, దాన్ని ఉచితంగా పంచే ఫాసెట్ సైట్ దగ్గర గంటలకొద్దీ పడిగాపులు కాసేవాళ్లం. రాప్‌స్టెన్ 2022 చివర్లో మూతపడింది. ట్రఫుల్‌ను ఆపేస్తున్నట్టు 2023లో ప్రకటించారు. ఈథీరియం మైనింగ్ గురించి పేజీలు పేజీలు బట్టీపట్టాం, 2022 సెప్టెంబర్ 15న అది మైనింగే వదిలేసి, నాణేలు పూచీగా పెట్టినవాళ్లు బ్లాకులు చేర్చే ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారింది. మేం "ఈ ముసలి పాఠాలెందుకు" అని విసుక్కున్న 1979 నాటి మెర్కిల్ ట్రీ, 1982 నాటి బైజాంటైన్ జనరల్స్ సమస్య (కొందరు అబద్ధమాడినా మిగతావాళ్లు ఒకే మాట మీదకు రావడం ఎలా అన్న చిక్కు), పత్రం ఎప్పటిదో రుజువు చేయడం మీద 1991లో హేబర్, స్టోర్నెట్టా రాసిన టైమ్‌స్టాంప్ పేపర్ మాత్రం నాకు ఇప్పటికీ అన్నం పెడుతున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం కోపం తగ్గలేదు. ఈథీరియం మీద నడిచిన డీఏఓ అనే ఉమ్మడి పెట్టుబడి నిధికి 2016లో జరిగిన హ్యాక్ మీద క్లాసు అద్భుతంగా జరిగింది. ఖాతాలో బ్యాలెన్స్ తగ్గించకముందే సొమ్ము పంపే కోడ్ రాస్తే, అందుకున్న కాంట్రాక్టు మధ్యలోనే ఆ కోడ్‌ను మళ్లీ మళ్లీ పిలిచి సొమ్ము లాగేసుకుంటుంది. అలా దాదాపు 36 లక్షల ఈథర్ పోయింది. తీరా చూస్తే మా ల్యాబ్ మాన్యువల్లోని బ్యాంక్ కాంట్రాక్టూ అదే వరసలో ఉంది! మేం దాన్నే టైప్ చేసి, మార్కులు వేయించుకున్నాం. పరీక్షలో అడిగిందేమో ఎవరైనా చేరగల పబ్లిక్ చెయిన్లకూ, అనుమతి ఉన్నవాళ్లే చేరగల ప్రైవేట్ చెయిన్లకూ తేడాల పట్టిక. ప్రైవేట్ కీ (ఖాతాకు తాళంచెవిలాంటి రహస్య సంఖ్య) పోతే ఏం చేయాలి, ఎవరి దగ్గర ఉంచాలి అన్నదానికి మొత్తం సెమిస్టర్లో అరగంట కూడా ఇవ్వలేదు. ఉద్యోగంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

పనికొచ్చిన సంగతీ చెప్పాలి. మా టీమ్ సర్టిఫికెట్ల హ్యాష్‌లు చెయిన్‌లో పెట్టే ప్రాజెక్ట్ చేసింది. ఒకరోజు అసలైన సర్టిఫికెట్‌నే మా సిస్టమ్ నకిలీ అంది. అవతలివాళ్లు మండిపడ్డారు, ఎవరో చెయిన్‌లో చెయ్యిపెట్టారని మావాళ్లలోనే గుసగుసలు. నాకు మాత్రం ఆ ఎంటర్ గుర్తొచ్చింది. అడిగితే తేలింది, ఆ పీడీఎఫ్‌ను ఎవరో తెరిచి మళ్లీ సేవ్ చేశారు. చూడ్డానికి అచ్చం అదే, లోపలి బైట్లు వేరు.

నన్నడిగితే కోర్సు తీసుకోండి. చేరే ముందు సీనియర్ల దగ్గర ల్యాబ్ మాన్యువల్ అడిగి, సొమ్ము బయటికి పంపే విత్‌డ్రా ఫంక్షన్ ఒక్కటి చదవండి. బ్యాలెన్స్ తగ్గించడం ముందుంటే ఫర్వాలేదు. పంపడం ముందుంటే ఆ ల్యాబ్ మీరు ఇంట్లో విడిగా నేర్చుకోవాల్సిందే.