మెషీన్ పక్కన ఎర్త్ రాడ్డా, బోర్డు నుంచి త్రీ కోర్ వైరా?

ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిచే మెషీన్ ముట్టుకుంటే షాక్ కొడుతోందనగానే వచ్చే ప్రశ్న ఒకటే: పక్కనే రాడ్డు పాతి బాడీకి వైరు బిగిస్తే చాలదా, బోర్డు నుంచి ఎర్త్ వైరు కూడా లాక్కురావాలా? ఎక్కువమంది రాడ్డుకే మొగ్గుతారు. నా ఓటు మాత్రం మూడో వైరుకే, అంటే త్రీ కోర్ వైరులో ఫేజ్, న్యూట్రల్‌తో పాటు వచ్చే ఎర్త్ వైరుకే.

ఎర్త్ ఉన్నది కరెంటును భూమిలో కలిపేయడానికి అనుకుంటాం. దాని అసలు పని ఎంసీబీని, అంటే కరెంటు మరీ ఎక్కువైతే సప్లై ఆపేసే బోర్డులోని బ్రేకర్‌ను, పడగొట్టడం. ఫేజ్ వైరు బాడీకి తగలగానే కరెంటు ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తాలి, బ్రేకర్ పడిపోవాలి. ఒంటి రాడ్డుకు 20 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉండటం మామూలే. 230 వోల్టుల సప్లై నుంచి దానిగుండా పోయేది మహా అయితే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లోడే కాదు, కదలదు. బాడీలో కరెంటు అలాగే ఉండిపోతుంది. మట్టి ఎండిందంటే పరిస్థితి ఇంకా అధ్వానం. మోటార్లకు వాడే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ కచ్చితంగా వెంటనే పడాలంటే 160 ఆంపియర్లు పారాలి. అంటే పోయి వచ్చే దారి మొత్తం మీద 1.4 ఓమ్‌లు దాటకూడదు. అది రాగి వైరుతో అయ్యే పని, మట్టితో కాదు.

అయితే మెయిన్ దగ్గర ఎర్త్, న్యూట్రల్ కలిపి ఉన్న సప్లైకే ఈ లెక్క సరిపోతుంది. కలపకపోతే మూడో వైరు కూడా చివరికి మట్టిలోంచే పోవాలి. అందుకే సప్లై ఏదైనా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కొద్దిపాటి కరెంటు లీకైనా సప్లై ఆపేసే స్విచ్చు, ఉండాల్సిందే. అది ఉంటే రాడ్డు కూడా పనిచేస్తుంది, కాదనను. కానీ ఒక మెషీన్ రాడ్డు మీద, పక్కది బోర్డు ఎర్త్ మీద ఉంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు రెండు బాడీల మధ్య వోల్టేజీ వస్తుంది. రెండు చేతులూ రెండింటి మీద పడ్డాయంటే ఇక చెప్పక్కర్లేదు. ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్తే మానేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడది పడేది మీ ఒంట్లోంచి కరెంటు పారాకే.

ఇక వైరు మందం. 30 మీటర్ల 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో ఫేజ్, ఎర్త్ కలిపి ఒక ఓమ్ దాటుతుంది. పైన చెప్పిన 1.4లో చాలా భాగం అక్కడే అయిపోయింది. 2.5 అయితే అర ఓమ్ లోపే. స్టార్టింగ్‌లో మోటారు మూలగడం కూడా తగ్గుతుంది. డ్రమ్ముకు చుట్టి ఉన్న వైరును మొత్తం విప్పాకే లోడు పెట్టండి. చుట్ట లోపలి వేడికి బయటికి దారి ఉండదు.

కొన్న వైరునైనా నమ్మకండి. ప్లగ్గు విప్పితే ఎర్త్ వైరు కొసను కత్తిరించి టేపు చుట్టేసిన సందర్భాలు ఉంటాయి. ప్లగ్గు బయటికి తీసి, దాని లావు పిన్నుకూ మెషీన్ బాడీలో పెయింటు లేని చోటుకూ మల్టీమీటర్ పెట్టి చూడండి. ఒక ఓమ్ లోపు రావాలి.

కదలని మెషీన్‌కు గోడ మీద విడిగా సాకెట్ వేయించడమే మేలు, ఎక్స్‌టెన్షన్ గొడవే ఉండదు. చదరంలో చదరం గుర్తు (డబుల్ ఇన్సులేషన్ అని అర్థం) ఉన్న డ్రిల్లు, గ్రైండర్లకు ఎర్త్ అక్కర్లేదు. టూ పిన్ అడాప్టర్‌తో మూడో పిన్నును ఎగ్గొట్టడం, ఎర్త్ లేదని సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలపడం గురించైతే అడగనే వద్దు, రెండూ ప్రమాదమే.